నొప్పికి మందు, మందుకు హద్దు





పంచశీల గురించి మాట్లాడుకునే చోట అయిదో శీలం దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ళ తలలు కిందికి వంగుతాయి. ఆడవాళ్ళ చూపులన్నీ వాళ్ళ మీదికే పోతాయి. మత్తు అనగానే సారా, బ్రాందీ, కల్లు అని అందరమూ ఒకటే లెక్క వేసుకుంటాం. కోడేరు దిక్కయినా, అటు వనపర్తి, గద్వాల దిక్కయినా ఇదే తీరు. "నేను చుక్క ముట్టను, నా అయిదో శీలానికి ఢోకా లేదు" అని ధైర్యంగా చెప్పే అక్కలు ఎందరో ఉన్నారు. వాళ్ళ మాట అబద్ధం కాదు. కానీ ఆ అక్కల కొంగు ముడిలో పైసలతో పాటు సగం చింపిన గోలీల షీటు ఒకటి ఉంటుంది. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. అది లేకపోతే పని సాగదు, నిద్ర పట్టదు.

ఈ చిన్న పుస్తకం ఆ షీటు గురించి. నొప్పి గోలి వేసుకుంటే శీలం తప్పినట్టా? ఏ గోలి ఎట్లాంటిది? దానికి చిక్కుకున్న మనిషి బయటికి రావాలంటే ఏం చేయాలి? ఈ మూడు ప్రశ్నలకు ధమ్మం ఏం చెబుతుందో, వైద్యం ఏం చెబుతుందో కలిపి చూద్దాం.

మన నొప్పి ఎక్కడిది?

ముందు ఒక మాట ఒప్పుకుందాం. మనది ఉత్తుత్తి నొప్పి కాదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు కట్టింది మనవాళ్ళు, రోడ్లు వేసింది మనవాళ్ళు, ముంబై, పుణె, బెంగళూరు, హైదరాబాద్‌లలో మేడలు లేపింది మనవాళ్ళు. ఊళ్ళో ఉన్నవాళ్ళకైనా సుఖం ఎక్కడిది? వరి నాటు వేసేటప్పుడు పొద్దంతా నడుము వంచే ఉండాలి. పత్తి ఏరేటప్పుడు మెడ, భుజాలు, వేళ్ళు పడిపోతాయి. పల్లికాయ పీకినా, రాళ్ళు మోసినా అంతే. ఇంటికొచ్చినాక ఆడమనిషికి ఇంకో పూట పని ఉండనే ఉంటుంది. నలభై దాటేసరికి మోకాళ్ళు గుంజుతాయి. మనిషి సోమరి అయి కాదు, ఏళ్ళ తరబడి చేసిన పని ఒంట్లో పేరుకుపోయి.

అప్పుడు దగ్గరున్న ఆరెంపీ దగ్గరికి పోతాం. అర్ధరాత్రి లేపినా తలుపు తీసేది ఆయనే కాబట్టి ఆయన మీద నమ్మకం ఉంటుంది. ఒక సూది, నాలుగు రంగుల గోలీలు కలిపి ఒక పొట్లం. తెల్లారేసరికి ఒళ్ళు తేలికవుతుంది. మళ్ళా పనికి పోతాం. వారం గడిచాక మళ్ళా అదే పొట్లం. కొన్నాళ్ళకు ఆరెంపీ దాకా పోయే పని కూడా ఉండదు. ఖాళీ షీటు తీసుకుపోయి మందుల దుకాణంలో చూపిస్తే చాలు, అదే గోలి చేతిలో పెడతారు.

ఇక్కడ ఆగి ఎవరికి వారు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ గోలి మన ఒంటి కోసం వేసుకుంటున్నామా, రేపటి కూలి కోసం వేసుకుంటున్నామా? నొప్పి అంటే ఒళ్ళు చెప్పే మాట. ఇక్కడ అరుగుతోంది, ఇక్కడ వాచింది, కొంచెం ఆగు అని చెప్పడం. గోలి ఆ మాట మనకు వినబడకుండా చేస్తుంది. అరుగుడు మాత్రం ఆగదు. వినబడని నొప్పి మీద మళ్ళా బరువెత్తుతాం. అందుకే ఏళ్ళు గడిచేకొద్దీ గోలీలు పెరుగుతాయి, మోకాలు మాత్రం బాగుపడదు.

భగవానుడు మందును కాదనలేదు

కొందరు ఉపాసకులు ఇంకో కొసకు పోతారు. "మందే వద్దు, ధ్యానంతో ఓర్చుకోవాలి" అంటారు. అది బుద్ధుని మాట కాదు. వినయ పిటకంలోని మహావగ్గంలో ఒక అధ్యాయం మొత్తం మందుల గురించే ఉంది. వేర్లు, ఆకులు, నెయ్యి, నూనె, తేనె, ఏ జబ్బుకు ఏది వాడవచ్చో అందులో ఉంటుంది. మన విషయానికి అచ్చంగా సరిపోయే ఒక కథ కూడా అక్కడే ఉంది.

పిలిందవచ్ఛుడనే భిక్షువుకు వాతం నొప్పి వచ్చింది. వైద్యులు నూనె కాచి తాగించాలన్నారు. ఆ నూనెలో కొంచెం మద్యం కలపాలి అని కూడా చెప్పారు. భిక్షువులు భగవానుని అడిగారు. మద్యం తాగకూడదని నియమం పెట్టిన ఆయనే, మందుగా నూనెలో కలపడానికి అనుమతి ఇచ్చారు. ఇంతవరకు బాగానే ఉంది. తరువాత ఏమైంది? ఛబ్బగ్గియులని ఆరుగురు భిక్షువుల గుంపు ఒకటి ఉండేది. నియమాల్లో సందులు వెతకడం వాళ్ళ అలవాటు. వాళ్ళు నూనెలో మద్యం దండిగా పోసి, మందు పేరుతో తాగి మత్తులో పడ్డారు.

సంగతి భగవానునిదాకా వచ్చింది. ఆయన ఏం చేశారో జాగ్రత్తగా చూడండి. "ఇట్లా అయింది కాబట్టి ఇక ఆ మందే బంద్" అనలేదు. అట్లా అంటే నిజంగా నొప్పితో ఉన్న పిలిందవచ్ఛుని వంటి రోగి నష్టపోతాడు. "మందే కదా, పోనీలే" అని ఊరుకోనూ లేదు. అట్లయితే అది మందు ముసుగులో తాగుడైపోతుంది. ఆయన ఒక హద్దు గీశారు. నూనెలో మద్యం రంగు, వాసన, రుచి తెలియనంత తక్కువ ఉంటేనే తాగాలి. అప్పటికే ఎక్కువ కలిపి కాచిన నూనె సంగతేమిటని అడిగితే, దాన్ని పారబోయమనలేదు, ఒంటికి రుద్దుకోవడానికి వాడుకోమన్నారు. ఆ తరువాత కీళ్ళ నొప్పుల మాట వచ్చినప్పుడు చెమట పట్టించడం, ఆకులు వేసి కాచిన నీళ్ళతో కాపడం, వేడి నీళ్ళ స్నానం, ఇవన్నీ అనుమతించారు.

రెండున్నర వేల ఏళ్ళ కింద చెప్పిన ఈ తీర్పులో ఇవాళ్టి వైద్యం చెప్పే మాటలన్నీ ఉన్నాయి. రోగికి మందు అందాలి. మోతాదు దాటకూడదు. మింగకుండా పైపూతతో పోయేదానికి పైపూతే వాడాలి. కాపడంతో, వ్యాయామంతో తగ్గేదానికి అవే ముందు చేయాలి. మందు పేరు చెప్పి మత్తు కోరేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ కారణంగా నిజమైన రోగి బాధపడకూడదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. డాక్టరు చూసి రాసిన మందు, రాసినంత, రాసినన్ని రోజులు వేసుకుంటే శీలం తప్పినట్టు కాదు. అయిదో శీలంలో అసలు మాట 'పమాదం'. అంటే ఎరుక తప్పిపోవడం, జాగ్రత్త పోగొట్టుకోవడం. ఏ వస్తువు మన ఎరుకను తినేస్తుందో అది సీసాలో ఉన్నా, షీటులో ఉన్నా శీలం దాని గురించే మాట్లాడుతుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పదార్థాలు ముట్టననే ప్రతిజ్ఞ ఉంది. అదే బాబాసాహెబ్ మధుమేహంతో, కాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి మందులు వాడిన మనిషి. ఈ రెండింటికీ గొడవ లేదు.

అన్ని గోలీలూ ఒకటి కావు

మనం అన్నిటినీ "నొప్పి గోలి" అనే అంటాం. కానీ అవి వేరు వేరు జాతులు. తేడా తెలుసుకోవడం కూడా ఎరుకే.

మొదటిది పారాసిటమాల్. జ్వరానికి, మామూలు నొప్పులకు వాడేది. అలవాటు కాదు. కానీ మోతాదు దాటితే కాలేయం దెబ్బతింటుంది. తాగుడు ఉన్నవాళ్ళకు ఇంకా ప్రమాదం.

రెండోది డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివి. ఇవి వాపు తగ్గిస్తాయి. మత్తు ఇవ్వవు. కానీ ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. ఎండలో చెమటలు కారి, నీళ్ళు సరిగా తాగకుండా పనిచేసేవాళ్ళకు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ. డయాలిసిస్ దాకా వచ్చాక తెలిసి లాభం లేదు.

మూడోది ట్రమడాల్, టపెంటడాల్, కోడీన్, పెంటజోసిన్, మార్ఫిన్. ఇవి నల్లమందు కుటుంబం, లేదా దాని లెక్కనే పనిచేసేవి. నొప్పిని నేరుగా మెదడు దగ్గరే ఆపుతాయి. దానితో పాటు ఒక హాయి, ఒక తేలిక కూడా ఇస్తాయి. అలవాటు పడే ప్రమాదం అసలు ఇక్కడే ఉంది.

నాలుగోది అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి నిద్ర, ఆందోళన గోలీలు. ఇవి నొప్పి మందులు కావు. కానీ నొప్పితో నిద్ర పట్టదంటే పొట్లంలో ఇవి కూడా చేరతాయి. ఇవీ గట్టిగా అలవాటవుతాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్ కూడా డాక్టరు చెప్పినట్టే మొదలుపెట్టి, చెప్పినట్టే ఆపాల్సిన మందు.

అయిదోది స్టెరాయిడ్ గోలీలు. ఇవి వేసుకోగానే నొప్పులు మాయమవుతాయి, ఆకలి పుడుతుంది. అందుకే పొట్లంలో వీటికి గిరాకీ. కొన్ని నెలలకు మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. చాలాకాలం వాడినవి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

మూడో జాతి, నాలుగో జాతి గోలీలు కలిపి వేసుకుంటే, లేదా వేటి మీదనైనా కల్లు, మద్యం తాగితే ఊపిరి మందగిస్తుంది. నిద్రలోనే మనిషి పోవచ్చు. ట్రమడాల్ ఎక్కువైతే మూర్ఛ కూడా వస్తుంది.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. ట్రమడాల్, అల్ప్రాజోలం వంటి మందులు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న ఈ నియమం ప్రకారం డాక్టరు చీటీ లేకుండా వీటిని అమ్మకూడదు. ఎవరు రాశారు, ఎవరికిచ్చారు, ఎంత ఇచ్చారు అని దుకాణంలో రిజిస్టరు పెట్టి, దాన్ని 3 ఏళ్ళు దాచాలి. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మత్తు మందుల చట్టం కిందికి కూడా తెచ్చారు. షీటు మీద ఎర్ర గీత, ఎర్ర అక్షరాల హెచ్చరిక కనబడితే అది చీటీ లేకుండా కొనాల్సింది కాదని చదువు రానివాళ్ళకూ చెప్పండి.

రెండో బాణం

సంయుత్త నికాయంలోని సల్ల సుత్తంలో భగవానుడు ఒక పోలిక చెబుతారు. ఒక మనిషికి బాణం తగిలింది. అది ఒంటికి కలిగిన నొప్పి. ఆ నొప్పికి కుమిలి, ఏడ్చి, గుండెలు బాదుకునేవాడికి రెండో బాణం తగిలినట్టే. అది మనసుకు కలిగిన నొప్పి. ఈ పోలిక చాలామంది విన్నదే. కానీ దాని తరువాతి మాట మనం అంతగా పట్టించుకోం. ధమ్మం ఎరగని మనిషి నొప్పి తగలగానే ఏదో ఒక సుఖం వైపు పరుగెత్తుతాడట. ఎందుకంటే నొప్పి నుంచి బయటపడే దారి సుఖం ఒక్కటే అనుకుంటాడు, ఇంకో దారి ఉందని అతనికి తెలియదు.

గోలి అలవాటయ్యే తీరు సరిగ్గా ఇదే. మొదటి రోజు గోలి మొదటి బాణానికే వేసుకుంటాం. ఆపరేషన్ అయింది, కాలు విరిగింది, నడుము పట్టేసింది. అది న్యాయమే. కొన్నాళ్ళకు గాయం మానుతుంది. కానీ ఆ గోలి ఇచ్చిన తేలిక మనసుకు గుర్తుంటుంది. అప్పుల బాధ ఉన్నరోజు, కొడుకు పలకరించని రోజు, భర్త కొట్టినరోజు చెయ్యి ఆ షీటు మీదికే పోతుంది. అప్పటి నుంచి గోలి రెండో బాణానికి పడుతున్నట్టు లెక్క. రెండో బాణానికి మందుల దుకాణంలో మందు లేదు.

ఒంట్లో కూడా ఒక మార్పు జరుగుతుంది. నొప్పిని అణచే పదార్థాలు మన ఒంట్లోనే కొన్ని తయారవుతాయి. బయటి నుంచి రోజూ మందు వస్తుంటే ఒళ్ళు దానికి అలవాటు పడి, తన పని తగ్గించుకుంటుంది. నిన్న ఒక గోలితో తగ్గింది, ఇవాళ రెండు కావాలి. ఆపితే ఒళ్ళంతా పచ్చిపుండు అవుతుంది. చెమటలు, ముక్కు కారడం, విరేచనాలు, గుండెదడ, నిద్ర లేకపోవడం. మనిషి ఏమనుకుంటాడు? "చూశావా, నా జబ్బు ఇంకా తగ్గలేదు, గోలి కావాలి" అనుకుంటాడు. గోలి లేకపోవడమే జబ్బుగా మారిందని తెలియదు. తలనొప్పికి కూడా ఇంతే. నెలలో సగం రోజులు తలనొప్పి గోలీలు మింగేవాళ్ళకు ఆ గోలీల వల్లనే తలనొప్పి వస్తుంటుంది.

పటిచ్చసముప్పాదంలో వేదన తరువాత తణ్హ, తణ్హ తరువాత ఉపాదానం వస్తాయి. మన తెలుగులో వేదన అంటే బాధ అనే అర్థమే మిగిలింది. పాళీలో సుఖమూ వేదనే, దుఃఖమూ వేదనే. గోలి ఇచ్చిన హాయి కూడా ఒక వేదనే, అది కూడా వచ్చి పోయేదే. దాన్ని పట్టుకోబోతే అదే మనల్ని పట్టుకుంటుంది.

మనం చూసిన పాఠం

ఇదంతా ఎక్కడో పట్నంలో జరిగే కథ అనుకోకండి. పాలమూరుకు ఈ పాఠం బాగా తెలుసు. డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన కల్లు మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళను ఆర్పిందో చెప్పనక్కరలేదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి ఒక్కసారిగా ఆ మత్తు అందకుండా పోయేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ దవాఖానలు నిండిపోయాయి. వణుకు, మూర్ఛలు, మెడలు వంకర్లు పోవడం, తమలో తాము మాట్లాడుకోవడం. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు బంద్ అయినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖాన ముందు మళ్ళా అదే దృశ్యం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

అక్కడ కల్లులో కలిపింది కూడా మందే అని గమనించండి. డాక్టరు చేతిలో ఆందోళన తగ్గించే గోలి అయిన అల్ప్రాజోలమే కల్లు కుండలో విషమైంది. వస్తువు ఒకటే. హద్దు పోయింది. ఇంకో పాఠం కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఒంటికి అలవాటైనదాన్ని ఒక్కరోజులో గుంజేస్తే మనిషి నిలబడలేడు. మెల్లగా, వైద్యం తోడుగా దించాలి.

అమ్మేవాళ్ళకు, ఇచ్చేవాళ్ళకు

బుద్ధుడు ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు అయిదు చెప్పారు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. మందుల వ్యాపారం వీటిలో లేదు. అది మంచి పని. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో మనుషులకు, పశువులకు వైద్యం, మూలికలు అందించిన సంగతి ఉంది. ధమ్మ రాజ్యంలో మందు ప్రజల హక్కు. అయితే మందు ఎప్పుడు మత్తు వ్యాపారం అవుతుందో లోకం చాలాసార్లు చూసింది.

1898లో జర్మనీ కంపెనీ బేయర్ దగ్గు మందుగా బజారుకు తెచ్చింది హెరాయిన్. 1996లో అమెరికాలో పర్డ్యూ ఫార్మా ఆక్సికాంటిన్ అనే నొప్పి గోలిని తెచ్చి, అలవాటయ్యే ప్రమాదం చాలా తక్కువని డాక్టర్లను నమ్మించింది. 2007లో ఒకసారి, 2020లో మరోసారి ఆ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. 1999 నుంచి 2021 వరకు అమెరికాలో ఈ జాతి మందులు, మత్తుల మోతాదు మించి చనిపోయినవాళ్ళు 6 లక్షలకు పైనే. వాళ్ళలో ఎందరో నడుము నొప్పికో, పంటి నొప్పికో డాక్టరు రాసిన చీటీతోనే మొదలైనవాళ్ళు. ఇక మన దేశం సంగతి. టపెంటడాల్‌ను ఇంకో మందుతో కలిపి ఇక్కడ తయారుచేసి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు పంపుతున్నారని 2025 ఫిబ్రవరిలో బయటపడ్డాక ఆ మిశ్రమం తయారీ, ఎగుమతి అనుమతులను కేంద్రం రద్దు చేసింది. అక్కడి పేద పిల్లలు దానికి బానిసలయ్యాక.

కాబట్టి మన ఊరి ఆరెంపీ అన్నలకు, మందుల దుకాణం తమ్ముళ్ళకు ప్రేమతోనే ఒక మాట. మీ దగ్గరికి వచ్చేది పదిమందిలో తొమ్మిదిమంది మీవాళ్ళే. పొట్లంలో ఏముందో మనిషికి చెప్పండి. ఎర్ర గీత గోలి చీటీ లేకుండా ఇవ్వకండి. "రేపటికి తగ్గాలె" అని వాళ్ళు తొందరపెట్టినా ఆ తొందరకు లొంగకండి. సమ్మా ఆజీవం అంటే అదే.

నడుము నొచ్చిన రోజున బుద్ధుడు

భగవానునికి కూడా నడుము నొప్పి ఉండేది. ఇది మజ్ఝిమ నికాయంలోనే ఉంది. కపిలవస్తులో శాక్యులు కొత్త సభాభవనం కట్టుకుని ఆయన్ని పిలిచారు. చాలా పొద్దుపోయేదాకా ధమ్మం చెప్పాక ఆయన ఆనందునితో నడుము నొస్తోందని, కాసేపు పడుకుంటానని, మిగతాది నువ్వు చెప్పమని అన్నారు. పైబట్ట నాలుగు మడతలు పరిచి కుడివైపుకు ఒరిగి పడుకున్నారు. పావాలోనూ ఇట్లాగే జరిగింది, అప్పుడు చెప్పింది సారిపుత్తుడు.

నొప్పి ఉందని నలుగురిలో చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు. నొప్పిని దాచుకుని పని పూర్తిచేయలేదు. పనిని ఇంకొకరికి అప్పగించి విశ్రాంతి తీసుకున్నారు. లోకగురువుకే నడుము వాల్చే హక్కు ఉంటే నాటు వేసే అవ్వకు ఉండదా?

"కానీ పనికి పోకపోతే మాకు ఆనందుడు ఎవరు?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఇది ఒక్కరి శీలంతో తీరే విషయం కాదు, సంఘం పని. నాట్ల గుంపులో నొప్పి ఉన్నామెకు ఆ రోజు గట్టు మీద కట్టలు అందించే తేలిక పని ఇవ్వవచ్చు. మహిళా సంఘాల్లో ఆపద నిధి నుంచి రెండు రోజుల కూలికి చేబదులు ఇవ్వవచ్చు. మధ్యాహ్నం నడుము వాల్చే గంటను గుత్తేదారుతో మాట్లాడి పెట్టించుకోవచ్చు. కూలి మనిషికి విశ్రాంతి దొరికిన చోట గోలీల ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

మనం చేయాల్సినవి

మంచి రోగికి అయిదు గుణాలు ఉండాలని వినయంలో ఉంది. ఒంటికి మేలైనది చేయడం, మేలైనదానిలోనూ మితం తెలియడం, మందు వేసుకోవడం, తన జబ్బు తీరు ఉన్నదున్నట్టు చెప్పడం, ఓర్పు. వీటిని ఇవాళ్టి పనుల్లోకి మార్చుకుందాం.

ఒకటి. నొప్పి రెండు వారాలు దాటితే పొట్లం మార్చడం మాని, సర్కారు దవాఖానలో డాక్టరుకు చూపించండి. 2022లో నాగర్‌కర్నూల్‌లోనూ, వనపర్తిలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఎముకల డాక్టరు కోసం హైదరాబాద్ దాకా పోనక్కరలేదు.

రెండు. గోలి రాసినప్పుడు నాలుగు మాటలు అడగండి. దీని పేరేమిటి? ఎన్ని రోజులు? ఇది అలవాటయ్యేదా? ఎట్లా ఆపాలి? అడిగితే కోప్పడతారని భయపడకండి.

మూడు. తాగుడు ఉంటే, కల్లు అలవాటుంటే, వేరే గోలీలు వాడుతుంటే దాచకుండా చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పడం సత్య శీలమే కాదు, ప్రాణరక్ష కూడా.

నాలుగు. మీకు రాసిన గోలి చుట్టానికో, పక్కింటామెకో ఇవ్వకండి. అది దానం కాదు. మిగిలినవి పిల్లలకు అందేచోట పెట్టకండి.

అయిదు. రాసినదానికంటే ముందే షీటు అయిపోతోందా? ఇంట్లోవాళ్ళకు తెలియకుండా కొంటున్నారా? నొప్పి లేకున్నా చెయ్యి పోతోందా? రెండు మూడు దుకాణాలు తిరుగుతున్నారా? వీటిలో ఒక్కదానికైనా "అవును" అంటే అది డాక్టరుతో మాట్లాడాల్సిన సమయం.

ఆరు. నెలల తరబడి వాడినదాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. డాక్టరు కొంచెం కొంచెంగా దించుతారు. కొన్నాళ్ళు మానేసి మళ్ళా పాత మోతాదు వేసుకోవడం ఇంకా ప్రమాదం. ఒళ్ళు ఆ మోతాదును అప్పటిలా తట్టుకోలేదు.

ఏడు. ఆనాపానసతి రోజూ కాసేపు చేయండి. నొప్పి మీద ధ్యాస పెట్టి, అది ఎక్కడ ఉంది, పెరుగుతోందా, తగ్గుతోందా అని చూడండి. ధ్యానం విరిగిన ఎముకను అతకదు. కానీ రెండో బాణం తగలకుండా కాపాడుతుంది. గోలి కావాలనే గుంజుడు కూడా వచ్చి పోయేదే అని చూపిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. క్యాన్సర్ వంటి జబ్బుల్లో వచ్చే నొప్పి వేరు. అక్కడ మార్ఫిన్ అవసరం. అలవాటవుతుందని భయపడి రోగిని విలవిలలాడనివ్వడం కరుణ కాదు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి ఉపశమన విభాగం ఉంది. డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే ఆ మందును ఎవరూ ఆపవద్దు, వేసుకునే రోగిని ఎవరూ తప్పుపట్టవద్దు.

చిక్కుకున్నవాళ్ళ పట్ల

ఒకసారి విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువును భగవానుడు చూశారు. ఎవరూ దగ్గరికి పోలేదు. ఆయనే నీళ్ళు పోశారు, ఆనందుడు కడిగాడు, ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తరువాత సంఘాన్ని పిలిచి, నాకు సేవ చేయాలనుకునేవాళ్ళు రోగికి సేవ చేయండని చెప్పారు.

గోలికి చిక్కిన మనిషి కూడా రోగే. "దీనికి మత్తు అలవాటైంది" అని వాకిట్లో నిలబెట్టి తిడితే ఆ మనిషి ఇంకా దాచుకుంటుంది, ఇంకో గోలి మింగుతుంది. పక్కన కూర్చోండి. ఎప్పటి నుంచి అని మెల్లగా అడగండి. దవాఖానకు తోడు పోండి. ఫోనులో మాట్లాడాలంటే 14416 టెలి మానస్, 14446 మత్తు విముక్తి సహాయ నంబరు ఉన్నాయి. రెండూ ఉచితం. తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ పున్నమికి మీ ఊళ్ళో పంచశీల చెప్పుకునేటప్పుడు ఒక పని చేయండి. అందరినీ వాళ్ళ ఇంట్లో ఉన్న గోలీల షీట్లు తెమ్మనండి. చదువుకున్న పిల్లల చేత వాటి పేర్లు చదివించండి. ఎర్ర గీత ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క పెట్టించండి. ఎవరినీ ఏమీ అనకండి. ఏది దేనికో రాసుకుని, ఆ చీటీతో ఆశా వర్కరునో, డాక్టరునో అడగండి. వాళ్ళు చెప్పేదాకా ఏదీ ఆపకండి, ఏదీ పెంచకండి. మనం మింగేది ఏమిటో తెలిసి మింగడం, అయిదో శీలంలో మనం వేయగల మొదటి అడుగు.

అందరి ఒళ్ళూ, మనసులూ నొప్పి నుంచి తేరుకోవాలి. అందరికీ మేలు జరగాలి.

నమో బుద్ధాయ! జై భీమ్!